అష్టకవచ పైపు

లోతు జలాల శాఖ మంత్రి చెన్నకేశవన్ గారు కోయంబత్తూరులో పత్రికలవాళ్ళను పిలిచి, ఎంతటి ఒత్తిడికీ నలగని పైపును తమ ప్రభుత్వం కనిపెట్టేసిందని ప్రకటించారు. ఆ పైపును కనిపెట్టవలసిన గోకుల్‌నాథ్‌కు ఈ శుభవార్త మర్నాడు పొద్దున తుడియలూరు టీ కొట్టులో పేపరు తిరగేస్తుంటే తెలిసింది. అందులో అతని పేరుంది. పేరులో ఒక అక్షరం తప్పుంది. గ్లాసు కింద పెట్టి, తానేనా కాదా అని మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు.

తానే. తుడియలూరులో పంపుల వర్క్‌షాపుల నడుమ గోకుల్‌నాథ్‌కు చిన్న హోస్ పైపుల షెడ్డు ఉంది. పీలమేడులో ఇంజినీరింగ్ చదివాడు. ఎవరైనా గట్టిగా అడిగితే కాదనలేడు, మెల్లగా అడిగితే అసలే కాదనలేడు. ఈ ఒక్కటీ తప్పిస్తే అతనిలో లోపం లేదని భార్య భువనేశ్వరి బంధువులందరికీ చెబుతూ ఉంటుంది.

ఇంతకీ ఆ పైపు ఎందుకు కావలసివచ్చిందంటే, తేని వైపు కొండల్లో మేల్‌కాడు అనే చిన్న ఊరుంది. ఊరు డ్యాము ఒడ్డునే ఉంది, తాగడానికి మాత్రం నీళ్ళు లేవు. డ్యాములో నీళ్ళు వేరే శాఖవి. ఎవరైనా బిందె ముంచితే వాచ్‌మన్ విజిల్ వేస్తాడు. ఇంకో శాఖ ఆస్తిని ముట్టుకోని సంస్కారం గలవారు కనుక చెన్నకేశవన్ గారు అవతలి కొండమీది ఊటనీళ్ళను పైపులో పెట్టి, డ్యాము అడుగునుంచి ఊరికి తెప్పించాలని సంకల్పించారు. నీళ్ళ కింద నుంచి నీళ్ళు. మొదట వేసిన ప్లాస్టిక్ పైపు, మోటారు ఆపి లోపల ఖాళీ అవగానే పైనున్న నీళ్ళ బరువుకు నలిగి అప్పడమైంది.

సరిగ్గా ఆ రోగానికే గోకుల్‌నాథ్ మందు కనిపెడుతున్నాడు. ఇనప గొట్టం నలగదు గానీ రాళ్ళమీద వంగదు. రబ్బరు గొట్టం వంగుతుంది గానీ నలిగిపోతుంది. అతను నాలుగు పొరలు వేశాడు. అన్నిటికంటే లోపల, చుట్టుకు చుట్టు కొక్కెం వేసుకుంటూ పోయే ఉక్కు పట్టీ, దానిమీద ప్లాస్టిక్ తొడుగు, ఆపైన ఉక్కు తీగల అల్లిక, అన్నిటికీ పైన నల్లటి రబ్బరు చొక్కా. బయటి కొలత ఆరంగుళాలు, మధ్యలో నీళ్ళు పారే దారి నాలుగంగుళాలు. పైపు పాములా వంగింది. నలగలేదు. ఆ రోజు గోకుల్‌నాథ్ ఇంటికి మైసూర్‌పాకు తీసుకెళ్ళాడు.

మర్నాడే మంత్రిగారి ఇంటినుంచి పిలుపు వచ్చింది. మంత్రిగారు బయట తమిళంలోనూ, లోపల తెలుగులోనూ పరిపాలించేవారు.

"ఏమప్పా గోకులు, మనోళ్ళేనంట కదా నువ్వు! ముందే చెప్పేదానికేమి?"

"మీరే ముందు పేపర్ల చెప్పేసినారు కదయ్యా."

మంత్రిగారు మనసారా నవ్వి, కుర్చీ చూపించారు. "సరి, నాకు ఒకటి చెప్పు. బయటినించి ప్రెషర్ వస్తే పైపు ఎందుకు నలిగిపోతాది?"

"చుట్టూరా ఒకే మాదిరి వస్తే తట్టుకుంటాదయ్యా. ఏదో ఒక పక్క రవ్వంత గుండ్రం తప్పినా, సరిగ్గా ఆడ పట్టుకుని అణిచేస్తాది."

మంత్రిగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "తెలుసప్పా. నేను మూడు మంత్రివర్గాల్ల ఉండినాను."

శాస్త్రాన్ని ఇంత త్వరగా గ్రహించిన మంత్రిని గోకుల్‌నాథ్ అంతవరకు చూడలేదు. ఆ ఆనందంలో ఉండగానే మంత్రిగారు ముందుకు వంగారు.

"మా సడ్డకుడు పొల్లాచ్చిల కొబ్బరినార మిల్లు పెట్టినాడు. పైపుల నార ఒక పొర ఉండాల. గ్రామీణ ఉపాధి."

"నార నీళ్ళల్ల నానితే ఉబ్బుతాదయ్యా."

"ఉబ్బనీప్పా. వాడూ ఇప్పుడే పైకి వస్తా ఉండాడు."

"అట్లయితే బయటి కొలత ఏడంగుళాలు చేస్తానయ్యా."

గోడ పక్కన నిలబడ్డ పీఏ మదన్ దగ్గాడు. "కొలత మార్చేదానికి కుదరదు సార్. పంపుహౌసు గోడకి ఆరంగుళాల బొక్క పెట్టి, అయ్యగారు రిబ్బన్ కట్ చేసి, ఫోటో కూడా వచ్చేసినాది."

బయట పెరగడానికి వీల్లేదు గనక కొత్త పొర లోపలికే వెళ్ళింది. దారి మూడంగుళాలైంది. తాగే నీళ్ళకు మూడంగుళాలు చాలులే అని గోకుల్‌నాథ్ బండిమీద ఇంటికి పోతూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. సిగ్నల్ దగ్గర పక్కబండివాడు అతనివైపు వింతగా చూశాడు. పైకే చెప్పుకుంటున్నాడు మరి.

వారం తిరక్కముందే మదన్ షెడ్డుకు వచ్చాడు. కూటమిలో ఉన్న పార్టీలన్నీ తమ జెండా రంగులు పైపులో ఉండాలంటున్నాయి. ఒక పొర మీద చారలు చారలుగా వేస్తే అందరికీ తృప్తి.

"లోపల వేస్తే ఎవరు చూస్తారప్పా?"

"ఎవురూ చూడరు గనకనే అన్ని రంగులూ వేసేదానికి అయ్యేది సార్. బయట వేస్తే ఏ రంగు పైన ఉండాలనేది పెద్ద గలాటా అయిపోతాది."

రాజకీయాల్లో ఇంత లోతు ఉంటుందని గోకుల్‌నాథ్‌కు తెలియదు. దారి రెండంగుళాలైంది.

తరవాత నిపుణుల సంఘం ఊటీలో సమావేశమై, పైపుకు బలం ఉందిగానీ సంస్కృతి లేదని అభిప్రాయపడింది. చేనేత గుడ్డతో ఒక పొర వెయ్యాలని సిఫార్సు చేసింది. దారి ఒక అంగుళమైంది. సంఘంలో ఒక సభ్యుడు, పైపు మధ్యలో ఖాళీ ఎందుకు వదిలారని కూడా అడిగాడట. ఇంకొకాయన దాన్ని వృథా అన్నాడట.

ఆ సాయంత్రం భువనేశ్వరి షెడ్డుకు వచ్చి నమూనా ముక్కను చేతిలోకి తీసుకుంది.

"ఏమండీ, దీంట్ల ఇంగా నీళ్ళు పోతాయా?"

"పోతాయి భువనా. బొటనవేలు దూరుతాది చూడు."

"చిటికినవేలు దూరేటప్పుడైనా వద్దని చెప్తారా?"

"చెప్తాను. ఈతూరి గట్టిగా చెప్తాను."

చెప్పవలసిన తూరి వెంటనే వచ్చింది. పైపులో పొరలు మాయమవుతున్నాయని ప్రతిపక్షం ఆరోపించింది. మంత్రిగారు చలించలేదు. మిగతా పొరలమీద కన్నేసి ఉంచేందుకు ఎనిమిదో పొర ఒకటి, నిండా సెన్సర్లతో, వేస్తామని అసెంబ్లీలోనే ప్రకటించారు. పైపుకు అష్టకవచం అని పేరు కూడా పెట్టారు. గోకుల్‌నాథ్ చొక్కా టక్ చేసుకుని పీలమేడులో మంత్రిగారి ఇంటికి వెళ్ళాడు. మెట్లమీదే నోరు తెరిచాడు.

"అయ్యా, ఇంగ కుదరదు. ఆ పొర వేస్తే మధ్యల బొక్కే ఉండదు."

మంత్రిగారు అతని భుజమ్మీద చెయ్యి వేశారు. చాలా మెత్తటి చెయ్యి. "నువ్వు మేధావివప్పా. బొక్క మాదిరి చిన్న విషయానికి నీ మాదిరోడు బాధపడకూడదు." చెయ్యి తియ్యకుండానే, "అవునప్పా, నీ షెడ్డు సగం సర్కారు పొరంబోకు నేలల ఉండాదని ఎవురో అన్నారు. నేను నమ్మలేదులే" అన్నారు.

గోకుల్‌నాథ్ వచ్చినప్పటికంటే ఒక అంగుళం పొట్టిగా మెట్లు దిగాడు. ఎనిమిదో పొర వేశాక ఉక్కు పట్టీ చుట్టుకోవడానికి మధ్యలో చోటే లేకపోయింది. దాన్ని తిన్నగా కడ్డీలా దూర్చాడు.

ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో ఆఫీసర్ జెబమలర్ నిక్కచ్చి మనిషి. పైపును ఉక్కు గదిలో పెట్టి, తలుపు బిగించి, నీటి ఒత్తిడి పెంచసాగింది. మామూలు పైపులు నలిగే చోటు దాటింది. గోకుల్‌నాథ్ పాత పైపు నలిగే చోటు దాటింది. ముల్లు చివరి అంకెను తాకి అక్కడే వణికింది. ఆఖరికి ఢామ్మని శబ్దమై గది తలుపు ఊడి, అవతలి గోడకు తగిలింది. గది నలిగింది, పైపు నలగలేదు. జెబమలర్ తడిసిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నా సర్వీసుల ఇట్లాంటి పైపు చూడలేదు సార్. కంగ్రాట్స్."

"మేడమ్, ఒకతూరి దీని కొనల చూడండి. దీనికి బొక్క లేదు."

జెబమలర్ చూసింది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. గొంతు తగ్గించింది. "సార్, నలుగుతాదా నలగదా అని చూసేది నా పని. నలగలేదు. నీళ్ళు పోతాయా అని చూసే సెక్షన్ మా దగ్గర లేదు. ఉండింటే బాగుండును."

పైపును డ్యాములో దించడానికి రెండు క్రేన్లు పట్టాయి. ప్రారంభోత్సవానికి మేల్‌కాడు అంతా వచ్చింది. ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. వేదిక మీదినుంచి గోకుల్‌నాథ్ ఆ బిందెలను ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. షెడ్డు పోతే పోనీ అనుకున్నాడు. పైపు శిల్పిగా రెండు మాటలు మాట్లాడమని మైకు ఇవ్వగానే లేచి, రెండు చేతులా పట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అందరూ నన్ను మన్నించాల. నేను నిజం చెప్తా ఉండాను. ఈ పైపుల ఒక్క బొక్క కూడా లేదు!"

వెంటనే చప్పట్లు. చప్పట్లమీద ఈలలు. గోకుల్‌నాథ్ బెంబేలెత్తి, "అది కాదు, అర్థం చేసుకోండి, వెదికినా దొరకదు! ఈ కొననించి ఆ కొన వరకు బొక్క అనేదే లేదు!" అని అరిచాడు. జనం లేచి నిలబడ్డారు. ఎవరో టపాకాయలు పేల్చారు. మంత్రిగారు కళ్ళు చెమర్చగా వచ్చి అతన్ని కౌగిలించుకుని, మైకు అందుకున్నారు.

"వింటిరి కదా! వాళ్ళ పాలనల వేసిన పైపులన్నిట్ల బొక్కలే. మా పైపుల ఒక్కటంటే ఒక్కటి చూపించండి, రాజీనామా చేస్తాను!"

ఆ సవాలుకు ఈనాటివరకు ప్రతిపక్షం జవాబు చెప్పలేకపోయింది.

మంత్రిగారు బటన్ నొక్కగానే కుళాయిలో నీళ్ళు పడ్డాయి. కుళాయి వెనక తెర, తెర వెనక లారీ ట్యాంకరు ఉన్నాయి. మంత్రిగారి కార్లు వెళ్ళిపోయినప్పుడు వాటి వెనకే ట్యాంకరూ వెళ్ళిపోయింది.

ఆ తరవాత గోకుల్‌నాథ్‌కు అన్నం సయించలేదు. అష్టకవచం కావాలని నాలుగు జిల్లాలు అడుగుతున్నాయని మదన్ ఫోన్ చేసి చెప్పినా సంతోషం కలగలేదు. చివరికి భువనేశ్వరే అతన్ని తేని బస్సు ఎక్కించింది. "పొయ్యి ఆ ఊరోళ్ళ కాళ్ళమీద పడి రండి. తిట్టితే పడండి. కొట్టితే ఫోన్ చేయండి" అంది.

మేల్‌కాడులో అతన్ని మొదట గుర్తుపట్టింది డ్యాము వాచ్‌మన్ కరుప్పసామి. లేచి సెల్యూట్ కొట్టాడు. అతని ఎదురుగా, అతని కుర్చీకి బారెడు దూరంలో, ఆడవాళ్ళు డ్యాములో బిందెలు ముంచుకుంటున్నారు. మెడలో విజిల్ ఊరికే వేలాడుతోంది.

"విజిల్ వేయలేదే?" అన్నాడు గోకుల్‌నాథ్.

"ఎందుకు సార్? పైపు వచ్చినంక ఈ ఊరికి రోజూ నీళ్ళు వస్తా ఉండాయని మా శాఖకు లెటర్ వచ్చినాది. ఇంట్ల నీళ్ళు ఉండేవాళ్ళు డ్యాము నీళ్ళు ఎందుకు దొంగలిస్తారు? దొంగలించరు. జరగనిదానికి నేనెట్ల విజిల్ వేసేది?"

బిందెలు ముంచుతున్నవాళ్ళలో పెద్దావిడ రక్కమ్మాళ్ బిందె చంకనెత్తుకుని వచ్చింది. టీ తోటల్లో ఆకు కోసి కోసి వేళ్ళు నల్లబడ్డ మనిషి. అతను కాళ్ళకు వంగబోతే ఖాళీ చేత్తో ఆపి, ఇంటికి లాక్కుపోయి, పీట వేసింది.

"నన్ను తిట్టు అమ్మా. ఆ పైపుల నీళ్ళు రావు."

"నీళ్ళా? దాంట్లనా?" రక్కమ్మాళ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "క్రేన్లు దించే రోజే మేము కొనల వేలు పెట్టి చూసినాము నాయనా. ఊరికంతా తెలుసు. పైపు పడితే డ్యాము కాడ విజిల్ ఆగిపోతాదని కూడా తెలుసు. లేకుంటే అంతగా చప్పట్లు ఎందుకు కొడ్తాము?"

గోకుల్‌నాథ్ పీటమీద చతికిలబడ్డాడు. ఆమె ఆకు వేసి, వేడి అన్నం పెట్టి, పులుసు పోసింది.

"ఇన్నేండ్లకు ఇప్పుడే కడుపు నిండా నీళ్ళు తాగుతా ఉండాము. నీకు పుణ్యం ఉంటాది. ఒక్కటే చెప్తాను విను. ఎవురన్నా వచ్చి దాన్ని బాగుచేస్తానంటే ఒప్పుకోబాకు."

అతను మొదటి ముద్ద కలుపుతుండగా జేబులో ఫోను మోగింది. ఎడంచేత్తో తీశాడు. మదన్ ఊపిరాడకుండా మాట్లాడుతున్నాడు.

"సార్, రెండో దశ! పైపుకు బొక్క వేసే పథకం. దేశంల ఇదే మొదటితూరి. బొక్కకు రేపే శంకుస్థాపన. డిజైన్ మీరే చేయాల. లైన్ల ఉండండి, అయ్యగారు మాట్లాడుతారు."

"ఏమప్పా గోకులు," అంది ఆ మెత్తటి గొంతు, "మనోళ్ళల్ల నీ అంత మేధావి ఎవురు ఉండారు? ఒక చిన్న బొక్క. నా కోసం."

"కుదరదయ్యా."

మెత్తటి గొంతు కాస్త గట్టిపడింది. "షెడ్డు సంగతి..."

"కుదరదయ్యా. షెడ్డు కొలిచి తీసుకోండి. బొక్క మాత్రం నేను వేయను."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎవురు నాయనా?" అంది రక్కమ్మాళ్ పులుసు గిన్నె పట్టుకుని.

"రాంగ్ నంబర్ అమ్మా. ఇంగ కొంచం పులుసు పొయ్యి."