కొండ మీద కిటికీ సీటు

ఆ ఉదయం కండక్టరుగారి పథకం చాలా చిన్నది. భార్యను వెంటబెట్టుకుని కొండెక్కాలి, చీకటి పడేలోగా పైనున్న లాడ్జి చేరాలి, రాత్రికి అక్కడ పడుకుని, తెల్లారగానే ఆవిడకు సూర్యోదయం చూపించాలి. తూర్పు గోడంతా అద్దమే ఉన్న గది ఆ లాడ్జిలో ఒక్కటే ఉంది. దానికోసం ఆయన ఎండాకాలంలోనే ఫోన్ చేసి చెప్పి ఉంచారు.

ఈ కిటికీ వెనక ఒక పాత గొడవుంది. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆవిడ పుట్టింటికి వెళ్లాలంటే ఆయన బస్సే దిక్కు. అందులో ఆవిడకు కిటికీ పక్క సీటు దొరికినా నిలిచేది కాదు. చంటిపిల్లతో ఎవరైనా ఎక్కితే చాలు, కండక్టరుగారి చూపు నేరుగా పెళ్లాం మీదికే వెళ్లేది. "కాస్త సర్దుకో" అనేవారు. ఆవిడ లేచి, తన స్టేజీ వచ్చేదాకా కడ్డీ పట్టుకుని వేలాడేది. వేరేవాళ్లను లేపితే, పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని మమ్మల్ని లేపుతున్నాడంటారని ఆయన భయం.

రిటైరైన రోజు వీడ్కోలు సభ నుంచి ఇంటికొచ్చాక ఆవిడ ఒకే మాట అంది. "అందర్నీ కూర్చోబెట్టారట కదా. ఎంత బాగా మెచ్చుకున్నారో!" నవ్వుతూనే అంది. ఆ నవ్వే ఆయనకు ముల్లులా దిగబడింది.

"గొడుగు పెట్టనా?" అంది ఆవిడ బయల్దేరేముందు.

"ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటే గొడుగెందుకే, మోతబరువు!" అంటూ ఆయన మెడలో విజిలు వేసుకున్నారు.

"మరి ఇదెందుకూ? కొండకి టిక్కెట్లు కొడతారా?"

"అది లేకపోతే మెడ బోసిగా ఉంటుంది."

సగం దారిలో ఆకాశం మాట తప్పింది. ఎక్కణ్నుంచి దిగిందో పొగమంచు, చాపిన చెయ్యి కనపడకుండా కమ్మేసింది. ముందు నడుస్తున్న కండక్టరుగారు "ఉన్నావా?" అని అరుస్తున్నారు. మోకాలి నొప్పితో వెనకబడ్డ ఆవిడ "ఉన్నా" అని అరుస్తోంది.

"ఈ అరుపులు నావల్ల కాదు. మీ విజిలుందిగా! ఒకటి కొడితే ఆగుతాను, రెండు కొడితే నడుస్తాను. మీ బస్సు కంటే నేనేం తక్కువ?" అంది చివరికి.

ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. కాకపోతే, కొండ మీద విజిలు వినపడిందంటే ఎవరో ప్రాణాపాయంలో ఉన్నట్టు. ఆ సంగతి కొండ కిందే ఎర్రక్షరాలతో బోర్డు మీద రాసి ఉంది. కండక్టరుగారు పొద్దున ఆ బోర్డుకే వీపు ఆనించి బూటు లేసులు కట్టుకున్నారు.

విజిలు ముందుగా విన్నది పైన నడుస్తున్న కాలేజీ పిల్లలు. శిఖరం పక్కనున్న బోడిగుట్ట మీద టెంటు వేసుకోవాలని వాళ్ల ప్లాను. అది మానుకుని వెనక్కి పరుగెత్తారు. తర్వాత విన్నది లాడ్జి నడిపే గడ్డం బాబాయి. ఆయన స్ట్రెచరు, తాడు, పొయ్యి దగ్గరున్న వంటమనిషిని పట్టుకుని కిందికి ఉరికాడు. మంచులో ఇన్ని ఆకారాలు మీదికి రావడం చూసి హడలిపోయిన కండక్టరుగారు, అందర్నీ ఆపడానికి గట్టిగా ఒక విజిలు కొట్టారు. వాళ్లు ఇంకా వేగంగా వచ్చారు. ఆగమంటే పరిగెత్తే ప్రయాణికుల్ని ఆయన సర్వీసులో చూడలేదు.

అప్పటికి ఆవిడ ఒక బండ మీద కూర్చుని, బూటు విప్పి అందులోని రాయి దులుపుతోంది.

"ఆంటీ, కదలకండి! కాలు విరిగిందా?" అంది కళ్లజోడు పిల్ల.

"అబ్బే, ఏం లేదమ్మా."

"షాక్‌లో ఉన్నవాళ్లు అలాగే అంటారు" అంది ఆ పిల్ల మిగతావాళ్లతో.

స్ట్రెచరు పరిచారు. కండక్టరుగారు నిజం చెప్పడానికి నోరు తెరిచారు. ఆవిడ ఆయన వంక ఒక చూపు చూసింది. ఆ నోరు మూతపడింది. "మోకాలైతే నొప్పిగానే ఉంది బాబూ" అని ఆవిడ హాయిగా వెనక్కి వాలింది. అదీ అబద్ధం కాదు.

లాడ్జిలోకి అడుగుపెట్టారో లేదో, వడగళ్లు మొదలయ్యాయి. రేకుల కప్పు మీద ఎవరో బస్తాలతో గులకరాళ్లు గుమ్మరిస్తున్నట్టుంది. ఆ హడావిడిలో ఆవిడ స్ట్రెచరు దిగి, చకచకా నడిచి వెళ్లి హాల్లో ఉన్న కుంపటి దగ్గర చేతులు కాచుకుంది.

గడ్డం బాబాయి ఆ రెండు కాళ్లనూ మార్చి మార్చి చూశాడు. కండక్టరుగారు తల దించుకుని, ఒకటి కొడితే ఆగడం, రెండు కొడితే నడవడం గురించి వివరించారు.

"బస్సనుకున్నారా ఇది? మీ పుణ్యమా అని కూరంతా మాడి బొగ్గయింది!" అని బాబాయి ఇంతెత్తున లేచాడు.

కళ్లజోడు పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అంది. "ఈపాటికి మేం బోడిగుట్ట మీద టెంటులో ఉండేవాళ్లం."

గడ్డం బాబాయి మోగుతున్న రేకుల కప్పు వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "కూరదేముంది, ఇంకోటి వండుకోవచ్చు."

పిల్లలు తడిసి వణికిపోతున్నారు. వాళ్లకు గదుల్లేవు. అంతే, కండక్టరుగారి నోరు పాత అలవాటు కొద్దీ దానంతటదే తెరుచుకుంది. "ఆ కిటికీ గది పెద్దది, పిల్లలకిచ్చెయ్యండి. మేం కాస్త సర్దుకుంటాం."

అన్నాక నాలిక్కరుచుకున్నారు. తిరిగి చూస్తే ఆవిడ అక్కడ లేదు. సంచీ తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆయన వెనకే వెళ్లి పక్క పీట మీద కూలబడ్డారు.

"కోపమా?"

"ఆ పిల్లల్ని చూసి మీరు అనకపోతే నేనే అనేదాన్ని."

"మరి?"

ఆవిడ పొయ్యిలోకి చూస్తూ అంది. "ఆ బస్సులో కూడా అంతే. అడిగుంటే నేనే లేచేదాన్ని. ఎప్పుడూ నా సీటు మీరే ఇచ్చేశారు. ఒక్కసారైనా నన్ను ఇవ్వనివ్వలేదు."

కండక్టరుగారు లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టారు. ఆవిడ మోకాలికి వేడినీళ్ల కాపడం పెడుతూ కూర్చున్నారు.

ఆ రాత్రే వడగళ్లకు కిటికీ గదిలోని పెద్ద అద్దం పగిలింది. గడ్డం బాబాయి దానికి అడ్డంగా భోజనాల బల్లల పైచెక్కలు పెట్టి మేకులు కొట్టాడు. తెల్లారి పిల్లలు సూర్యోదయం చూద్దామంటే ఎదురుగా చెక్కలే! సూర్యుడి కోసం ఇల్లంతా వెతికి, చివరికి వంటగదిలోకి తోసుకొచ్చారు. అక్కడ పొయ్యి పక్కన, ఒక్క మొహం పట్టేంత చిన్న కిటికీ ఉంది. దాని ముందు పీట మీద ఆవిడ. ఎర్రటి వెలుగు ఆవిడ చెంప మీద పడుతోంది.

"ఆంటీ, మేమూ కొంచెం చూస్తాం..."

కండక్టరుగారి నోట్లో 'కాస్త' అనే మాట సగం దాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశారు. వంగి, ఆవిడనే అడిగారు. "ఏమంటావు?"

ఆవిడ తిరిగి చూడలేదు. తీరిగ్గా ఆలోచించింది. సూర్యుడు పూర్తిగా పైకి రావడం కూడా చూసింది.

"నిలబడమనండి. ఇంకా నా స్టేజీ రాలేదు."

కండక్టరుగారు సంతోషం పట్టలేక గట్టిగా ఒక విజిలు కొట్టారు. వరండాలో కునుకు తీస్తున్న గడ్డం బాబాయి ఉలిక్కిపడి లేచి, స్ట్రెచరు తీసుకుని కొండ దిగిపోయాడు.