యుద్ధానికి ముఖ్య అతిథి

"శత్రువు మన తీరం మీద కాలు పెడితే ఆ కాలు తిరిగి వెళ్లదు" అని రక్షణ మంత్రిగారు టీవీలో సెలవిచ్చారు. ఎంత గొప్ప మాట. రెండో కాలు సంగతి విలేకరులు అడగలేదు. అడిగే అలవాటు వాళ్లకి ఎప్పుడో పోయింది.

ఆ మాట విని నగరమంతా నిశ్చింతగా తలుపులేసుకుంది. ఒడ్డున టీ కొట్టు నడిపే అక్కకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆవిడ భయం శత్రువు గురించి కాదు. మన కల్నల్‌గారి ఫిరంగికీ సముద్రానికీ మధ్య ఆవిడ కొట్టు ఉంది.

"ఏమనుకోకమ్మా, మొదటి గుండుకే నీ కొట్టు పోతుంది" అన్నాడు కల్నల్ ఎంతో మర్యాదగా.

"ఆ ఫిరంగినే కాస్త పక్కకి జరపకూడదా బాబూ? మాకు ఇంత తిండి పెడుతున్నది ఈ కొట్టే."

"జరపొచ్చమ్మా. కానీ స్టేజీ ఇక్కడ వేసేశాం. మంత్రిగారి మొహం మీద వెలుగు ఇటు నుంచే బాగా పడుతుంది."

రిబ్బన్ కత్తిరిస్తే గాని మరుగుదొడ్డి తలుపు కూడా తెరుచుకోని దేశం మనది. ఫిరంగి మాత్రం తక్కువ తిన్నదా? దాని మూతికీ ఎర్ర రిబ్బన్ కట్టి, పళ్లెంలో కత్తెర పెట్టి, మంత్రిగారి కోసం కాచుక్కూర్చున్నారు.

మంత్రిగారి కన్నా ముందు శత్రువులే వచ్చారు. పడవల్లోంచి దూకి, తడిసిన బూట్లతో కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చి, టీ కొట్టు ముందు టక్కున ఆగిపోయారు.

"కాల్చరేం?" అన్నాడు వాళ్ల కెప్టెన్, కాస్త నొచ్చుకుని.

"ప్రారంభోత్సవం కాలేదు. మీరు ముందుకి రారేం?"

"నగరంలో మొదటి అడుగు మా మంత్రిగారిదే. కెమెరాలు కూడా ఆయన ఓడలోనే ఉన్నాయి."

"అయ్యో, మీకూ అంతేనా" అన్నాడు కల్నల్.

ఇంకేముంది, ఇద్దరూ తోడల్లుళ్లలా బెంచీ మీద చేరి కష్టసుఖాలు చెప్పుకున్నారు. రెండు సైన్యాలకీ టీ కాచలేక అక్క మొగుడికి చేతులు పడిపోయాయి. "యుద్ధమంటే ఇంత గిరాకీ అనుకోలేదే" అన్నాడు మురిసిపోతూ. అక్క మాత్రం మంత్రి కారు టైరు పేలాలని లోపల్లోపల దణ్ణాలు పెట్టుకుంటోంది.

మిట్టమధ్యాహ్నం మంత్రులిద్దరూ ఒకేసారి ఊడిపడ్డారు, మనాయన రోడ్డు మీంచి, వాళ్లాయన నీళ్లలోంచి. మనాయన నేరుగా వెళ్లి కత్తెర అందుకోబోయాడు.

అక్కకి ఏం తోచిందో ఏమో, ఒక్క ఉదుటున అడ్డం వెళ్లి ఆయన రెండు చేతుల్లోనూ రెండు టీ గ్లాసులు పెట్టేసింది. "ఒకటి మీకు, ఒకటి ఆ బాబుగారికి."

మనాయన రెండో గ్లాసు వాళ్లాయనకి అందిస్తుంటే కెమెరాలు టకటకా మెరిశాయి. ఫోటో చూసుకుని మంత్రులిద్దరూ ముచ్చటపడిపోయారు. యుద్ధంలో ఇంత మంచి ఫోటో ఎక్కడొస్తుంది? అక్కడికక్కడే శాంతి ప్రకటించేశారు. శత్రువుని ఒడ్డునే ఆపామని మనాయన, నగరంలో అడుగుపెట్టామని వాళ్లాయన, ఇద్దరూ గెలిచి ఇళ్లకి వెళ్లారు. అక్క కొట్టు గుంజని పట్టుకుని తనివితీరా ఏడ్చింది.

వారం తిరిగేసరికి బుల్‌డోజర్‌తో కల్నల్ వచ్చాడు.

"ఏమనుకోకమ్మా. శాంతి పుట్టిన చోటు కదా, విజయస్తంభం ఇక్కడే కట్టాలట."

కట్టారు. ఆవిష్కరణకి టీ సరఫరా మాత్రం, పాపం, అక్కకే ఇచ్చారు. ఆవిడ కెటిల్ పట్టుకుని స్తంభం దగ్గరికి వెళ్లి, పాలరాతి ఫలకం చూపించి మొగుణ్ని అడిగింది, "ఏం రాశారయ్యా?"

అతను కూడబలుక్కుని చదివాడు. "ఈ మహాయుద్ధంలో మన నగరంలో ఒక్క గోడ కూడా కూలలేదు."

అక్క కాలితో నేల తడిమి చూసుకుంది. పొయ్యి సరిగ్గా అక్కడే ఉండేది.

"కాస్త పక్కకి జరుగమ్మా" అన్నాడు కల్నల్ మర్యాదగా. "రిబ్బన్‌కి అడ్డంగా ఉన్నావు."