మొగిలి రెపర్టరీ

మొగిలి గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. నాటకమంటే ప్రాణం. ఆ పొద్దున రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఇంత తిని పడుకుని, సాయంత్రం తన బృందంతో రిహార్సలు వేసుకోవాలనుకున్నాడు. మర్నాడే కరీంనగర్‌లో నాటకోత్సవానికి బృందాల ఎంపిక. కంచం ముందు కూర్చున్నాడో లేదో, నిర్వాహకురాలు భావ్య ఫోన్ చేసింది. వచ్చినప్పుడు మీ రెపర్టరీ చూస్తామనీ, అది బలంగా ఉంటేనే అవకాశమనీ చెప్పింది. మొగిలి "సరే మేడం" అని పెట్టేశాడు.

రెపర్టరీ అంటే ఏమిటని భార్య సారవ్వ అడిగింది. తెలియదన్నాడు.

"మరి ఆ మేడంనే అడుగరాదు?"

"తెల్వదంటే ఇజ్జత్ పోతది."

ఇజ్జత్ కాపాడుకోవడానికి పక్క క్వార్టరులో ఉండే మంథని ఉమామహేశ్వర్ సారు దగ్గరికి నడిచాడు. వాకిలి దాటేసరికే ఆ మాట నోట్లో అరిగిపోయి "రిపోటరి" అయింది. సారు పేపరు మీంచి తల ఎత్తకుండా, రిపోర్టరై ఉంటాడనీ, బృందానికి పేపర్లో పేరుందో లేదో చూస్తారు కాబోలనీ తేల్చేశారు.

మొగిలికి తెలిసిన రిపోర్టరు జైపాల్ ఒక్కడే. మనిషి కూడా దిట్టంగా ఉంటాడు. కానీ తమతో కరీంనగర్ రమ్మంటే, వార్త లేనిదే కదలనన్నాడు. రిపోర్టరు లేకుంటే మమ్మల్ని తీసుకోరట అని మొగిలి ఉన్నమాటే చెప్పాడు. తెల్లారి పేపర్లో ‘కార్మిక కళాకారులకు అడ్డంకులు’ అని పడింది.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బాయి కాడి చాయ్ హోటల్లో ఆ వార్త చదివిన వాళ్లకు చాయ్ చల్లారింది గాని కోపం చల్లారలేదు. మొగిలి జైపాల్‌తో బస్టాండుకు చేరేసరికి తోటి కార్మికుడు ఎల్లేశం రెండు వ్యాన్ల జనంతో సిద్ధంగా ఉన్నాడు. వద్దని మొగిలి ఎంత మొత్తుకున్నా, భయపడుతున్నాడనుకుని అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు.

కరీంనగర్‌లో వాళ్ల నినాదాలు విని మెట్ల మీదికి వచ్చిన భావ్య ముఖం పాలిపోయింది. మొగిలి జైపాల్‌ను ముందుకు తోశాడు.

"ఇగో మేడం, మా రిపోటరి. బలంగనే ఉన్నడు."

భావ్య జైపాల్‌ను కిందికీ మీదికీ చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "రెపర్టరీ అంటే మీరు ఆడగలిగిన నాటకాలన్నీ అన్నమాట. ఎన్నున్నాయి?"

ఉన్నది ఒక్కటే. ఏళ్ల తరబడి దాన్నే ఆడుతున్నారు. ఆ మాట చెప్పడానికి మొగిలి గొంతు సవరించుకునేలోపే వెనక నుంచి ఎల్లేశం అందుకున్నాడు: "మస్తున్నయి మేడం. రోజుకొకటి ఆడుతరు."

ఆ జనం కదిలితే చాలనుకున్న భావ్య, ఎంపికా పరీక్షా లేకుండానే ఉత్సవంలో మూడు సాయంత్రాలు రాసిచ్చింది. వ్యాన్లో అందరూ మొగిలి భుజం తడుతుంటే, అతను మాత్రం ఆ మూడు సాయంత్రాలనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

మూడు రోజులూ ఆ ఒక్క నాటకాన్నే పేర్లు మార్చి, మీసాలు మార్చి ఆడారు. మొదటి రెండూ బాగున్నాయి గాని మూడో నాటకంలో కథ తేలిపోయిందని న్యాయనిర్ణేతలు అన్నారు.