హౌరా వంతెన మీద సమసమాజం

కలకత్తా ట్రాఫిక్ జామ్‌ని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వరాన్ని పట్టుకుని శాపమనుకునే అమాయకులు! మనిషిని మనిషిగా చూసే బస్సు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందంటే అది ఈ ఊళ్లోనే ఉందని, అదీ కదలకుండా ఆగిపోయినప్పుడే ఉందని నేను ఏ సభలోనైనా వాదిస్తాను.

ఇది బావిలో కప్ప చెప్పే మాట కాదు సుమండీ. ఖిదిర్‌పూర్‌లో ఓడల సరుకు దింపే ఒక కంపెనీలో నేను పర్సనెల్ ఆఫీసర్‌ని. కంపెనీ పేరు చెప్పను, ఇంకా వాళ్ల జీతమే తింటున్నాను. పరాయి దేశాల రేవుల్లో పని ఎలా నడుస్తుందో చూసి రమ్మని ఆ మహానుభావులు నన్ను మూడు దేశాలు తిప్పారు. రేవుల మాట ఎలా ఉన్నా, బస్సులూ రైళ్లూ మాత్రం తనివితీరా చూశాను.

హాంబర్గ్‌లో స్టాపు దగ్గర బస్సు ఎనిమిదీ ఏడుకని రాసి ఉంది. వేళాకోళం అనుకుని నింపాదిగా ఎనిమిదింపావుకి వెళ్లాను. నిజంగానే ఎనిమిదీ ఏడుకి వచ్చి వెళ్లిపోయిందట! ఇదేం మర్యాద? బస్సున్నది మనుషుల కోసమా, గడియారం కోసమా?

యొకొహామాలో రైలు ఒక్క నిమిషం ఆలస్యమైనందుకు మైకులో క్షమాపణ చెప్పారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి దానికీ తలెత్తలేదు. గంటసేపటి ప్రయాణంలో ఆయన నా ఊరు అడగలేదు, జీతం అడగలేదు, పిల్లలెందరని అడగలేదు. అదీ ఒక ప్రయాణమేనా?

కైరో టాక్సీవాడు కాస్త నయం. రేవుకెళ్లే రైలు కోసం స్టేషనుకి పొమ్మంటే వాళ్ల బావమరిది అత్తరు కొట్టుకి తీసుకెళ్లి, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. వాడిలో మన కలకత్తా పోలికలు కనబడి నాకు కళ్లు చెమర్చాయి.

ఇక మన మినీబస్సు సంగతి. నిటారుగా నిలబడితే తల కప్పుకి కొట్టుకుంటుంది కాబట్టి అందరూ తల వంచుకునే ప్రయాణం చేస్తారు. వినయం నేర్పే బస్సు ఇంకే దేశంలో ఉంది? కండక్టరేమో తలుపు రేకు మీద దబదబా బాదుతూ, "దాదా, వెనక్కి ముందుకు జరగండి!" అని బెంగాలీలో కేక పెడతాడు (దాదా అంటే ఇక్కడ అన్నగారు). వెనక్కి ముందుకు! పదేళ్లుగా ఈ రాష్ట్రం ఎటు పోతోందని పత్రికల్లో పేజీలకు పేజీలు రాసే మేధావులకి ఈ ఒక్క ముక్క చాలదూ?

అన్నిటికీ మించింది మిఛిల్. అంటే ఊరేగింపు. ఈ ఊళ్లో ఏ కోరికైనా రోడ్డు మీదే కోరాలి, అదీ ఆఫీసులకు వెళ్లే వేళకే కోరాలి. ప్రభుత్వమూ ఎర్రజెండా పార్టీదే, దాన్ని నిలదీసే ఊరేగింపూ ఆ పార్టీదే. ఇంత నిజాయితీ మీరెక్కడైనా చూశారా? ఊరేగింపు వస్తే ట్రాము ఆగుతుంది, అంబాసిడర్ కారు ఆగుతుంది, కొబ్బరిబోండాల బండీ ఆగుతుంది. డైరెక్టరుకీ కూలీకీ ఒకటే ఉక్క, ఒకటే చెమట. పుస్తకాల్లో చదువుకున్న సమసమాజం కళ్లెదుట కనిపిస్తుంది.

నమ్మరా? మొన్నీమధ్య ఒక సోమవారం జరిగింది చెబుతాను, వినండి.

సంత్రాగాఛి నుంచి లోకల్ రైల్లో హౌరా వచ్చి, ఎనిమిదింటికి ఖిదిర్‌పూర్ మినీబస్సు ఎక్కాను. పక్క సీట్లోని మనిషి లేచి దండం పెట్టాడు. చూస్తే మా కంపెనీ రోజుకూలీ అప్పలసూరి. టెక్కలి దగ్గరి వాడు, టికియాపారాలో కాపురం. పదకొండేళ్లుగా మా బస్తాలు మోస్తున్నా అతని పేరు మా రిజిస్టరులోకి ఎక్కలేదు. ఆ రోజు పదింటికి అతనికి పర్మనెంటు ఇంటర్వ్యూ. ముగ్గురు సభ్యుల బోర్డులో నేనూ ఒకణ్ణి. పర్మనెంటయితే భార్య కాసులమ్మ కంటికి కంపెనీ ఆస్పత్రిలో ఆపరేషన్ చేస్తారని అతని ఆశ. ఆ సరిగా కనిపించని కంటితోనే ఆవిడ చెంబులో నిప్పులు పోసి అతని చొక్కా ఇస్త్రీ చేసింది. మడత నలగకూడదని అతను వీపు సీటుకి ఆనించకుండా కూర్చున్నాడు.

వంతెన మధ్యకొచ్చేసరికి బస్సు ఆగిపోయింది. ముందంతా ఎర్రజెండాలు. ఎవరిదా ఊరేగింపని తొంగిచూస్తే, రోజుకూలీలని పర్మనెంటు చెయ్యాలంటూ అప్పలసూరి యూనియన్‌వాళ్లే!

"నానూ ఆళ్లతోటే నడవాల బాబూ," అన్నాడు అప్పలసూరి. "ఇంటర్వూ ఉందని మా లీడరు దాదాని బతిమాలుకుంటే ఈ ఒక్కరోజుకీ ఒగ్గీసినాడు."

ఎంత ప్రేమో చూశారా! అతనికి ఉద్యోగం రావాలని వెయ్యిమంది కలిసి అతని దారికి అడ్డం నిలబడ్డారు.

ఎనిమిదిన్నరకి అప్పలసూరి లేచాడు. "దిగిపోయి నడిసెల్లిపోతాను బాబూ. పదికల్లా సేరిపోతాను."

నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "ఈ ఎండలో నడిస్తే చొక్కా గతేమిటి? బోర్డు మెంబర్ని నేనిక్కడుంటే అక్కడ ఇంటర్వ్యూ ఎవరు చేస్తారయ్యా? నేను లేకుండా మొదలవదు, కూర్చో."

"తమరు సెప్పినాక ఇంకేటి బాబూ," అన్నాడు. ఈసారి వీపు సీటుకి ఆనించి కూర్చున్నాడు.

ఆ తర్వాతి సేపు గొప్పగా గడిచింది. కిటికీలోంచి మరమరాలు కొనుక్కుని ఇద్దరం పంచుకు తిన్నాం. వెనక సీట్లో ఫుట్‌బాల్ మీద తగువు మొదలై, ముగిసి, మళ్లీ మొదలైంది. అప్పలసూరి పెళ్లి కబుర్లు చెప్పాడు, నేను కైరో టాక్సీ కథ చెప్పాను. ఆఫీసరూ కూలీ ఒకే పొట్లంలోంచి తినడం యొకొహామాలో సాధ్యమా?

పన్నెండుంపావుకి ఇద్దరం ఒకే బస్సు, ఒకే మెట్టు దిగాం. అతను గేటు దగ్గర నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లాను.

హెడ్ గుమాస్తా హల్దార్‌బాబు ఫ్యాను వేసి, టీ తెప్పించాడు. మిగతా ఇద్దరు సభ్యులూ కంపెనీ క్వార్టర్స్‌లోనే ఉంటారు. పదింటికే మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముగించేశారట. అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ఇద్దరుంటే బోర్డు చెల్లుతుందని రూలుంది. ఆ రూలు నాలుగేళ్ల కిందట రాసింది నేనే, మరిచిపోయాను. బస్సులు దిగి నడిచొచ్చిన ఆరుగురూ పర్మనెంటయిపోయారు.

"మీ తప్పేముంది సార్, రాస్తా జామ్," అంటూ హల్దార్‌బాబు నా పేరు ఎదుట 'ఆన్ డ్యూటీ' అని రాశాడు. అదే పెన్నుతో అప్పలసూరి పేరు ఎదుట 'గైరుహాజరు' అని రాశాడు.

"అతనూ నా బస్సులోనే వచ్చాడయ్యా," అన్నాను.

"ఇంకా ముందు బయల్దేరాల్సింది సార్."

కాగితం కింద ముగ్గురు సభ్యుల సంతకాలకి చోటుంది. ఇద్దరు పెట్టేశారు. టీ చల్లారకముందే నేనూ పెట్టేశాను. గేటు దగ్గరికి వెళ్లి చెప్పే ధైర్యం లేక ప్యూనుతో కబురు పంపాను.

నిన్న మళ్లీ అదే బస్సు, అదే వంతెన, అదే జామ్. సీట్లన్నీ నిండి నేను తల వంచుకుని నిలబడ్డాను. ముందు సీట్లోంచి అప్పలసూరి లేచాడు. నా మీద ఒక్క నిష్ఠూరపు మాట లేదు.

"కూకోండి బాబూ," అన్నాడు. "తమరికి లేటయినా పరవానేదు."

నేను కూర్చున్నాను. అతను బస్సు దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.