అధికారిక అపరిచితుడు

పిల్లలకు ఫోనులో ఎదురయ్యే ఆపదలన్నిటికీ మూలం ఒక్కటేనని, అది అపరిచితులను ఒక పద్ధతి ప్రకారం నియమించకపోవడమేనని బాలల అంతర్జాల భద్రతా మండలి సుదీర్ఘ చర్చల తరువాత తేల్చింది. ఎవరు పడితే వాళ్లు, ఏ అర్హతా లేకుండా అపరిచితులమంటూ పిల్లలను పలకరిస్తూ పోతే ఇక క్రమశిక్షణ ఎక్కడినుంచి వస్తుంది? కనుక ప్రతి బడీ ఒక అధికారిక అపరిచితుణ్ణి నియమించుకోవాలని, అతను ఫోనులో సందేశాలు పంపి పిల్లలను పరీక్షించాలని, వాళ్లు అతనికి లొంగకుండా మార్కులు తెచ్చుకోవాలని ఉత్తర్వు వచ్చింది. (అపరిచితుడు బడికి చాలాకాలంగా బాగా తెలిసినవాడై ఉండాలన్నది మొదటి నిబంధన.)

గుసగుస అనే అమ్మాయి చదివే బడిలో ఈ ఉద్యోగం డ్రాయింగు మాస్టారి మెడకు చుట్టుకుంది. గుసగుస తొమ్మిదో తరగతి. హాజరు పిలిచినప్పుడు ఆమె అనే "ఉన్నాను" రెండో బెంచీ దాటి వినపడదు కాబట్టి తోటి పిల్లలు పెట్టిన పేరది. బడికి రోజూ వచ్చే ఆ అమ్మాయి హాజరుపట్టీలో మాత్రం సగం రోజులు రానట్టే లెక్క.

డ్రాయింగు మాస్టారు మొదట మొత్తుకున్నాడు.

"ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడటమే నాకు రాదు మేడమ్. ఇక నేనే ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎలా అవుతాను?"

"మీకు వారానికి రెండే పీరియడ్లు మాస్టారూ," అంది ప్రిన్సిపల్ మేడమ్. "లెక్కల సారుని అపరిచితుణ్ణి చేస్తే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు చెప్పండి?"

పిల్లలు హడలిపోకుండా ఉండాలని మాస్టారి ఫొటో పెద్దది చేయించి నోటీసు బోర్డుకు అంటించారు. కింద ఎర్రటి అక్షరాలతో "ఇతనే అపరిచితుడు" అని రాసి ఉంది. (రాసింది మాస్టారే. బడిలో అంత గుండ్రంగా రాసేవాళ్లు మరొకరు లేరు.) ఫొటోలో ఆయన జలుబు చేసి, అందుకు అందరినీ క్షమాపణ అడుగుతున్నవాడిలా ఉన్నాడు.

అపరిచితుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. నీ పేరేమిటి, మీ ఇల్లెక్కడ, నీ ఫొటో పంపుతావా. అన్నిటికీ జవాబు ఒక్కటే, "చెప్పను". ఫొటో అడిగితే "పంపను" అనాలి కదా అని ఒక తల్లి సందేహం వెలిబుచ్చింది. జవాబులు రెండైతే పసిమనసుల మీద భారం పడుతుందని మండలి ఆమెకు నచ్చచెప్పింది. రోజూ పొద్దున్నే డ్రిల్లు సారు ఈల ఊదగానే బడి మొత్తం చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, కాకులు లేచిపోయేలా "చెప్పను!" అని అరిచేది. కట్టుకున్న చేతులకు రెండు మార్కులు, ఎత్తిన గడ్డానికి ఒకటి. (ఫోనులో గడ్డం ఎలా కనపడుతుందన్నది పరిశీలనలో ఉంది.)

సాయంత్రం బడి వదిలాక సందేశాలు మొదలయ్యేవి.

"నమస్కారం. నేను మీకు తెలియనివాణ్ణి. దయచేసి మీ పేరు చెప్పగలరా? తొందరేం లేదు, హోంవర్కు అయ్యాకే జవాబివ్వండి."

"చెప్పను సార్."

"శభాష్. రేపు రంగు పెన్సిళ్లు మర్చిపోకు."

ఒకరోజు మాస్టారు పొరపాటున "ఏం చేస్తున్నారు?" అని అడిగాడు. పిల్లలు తెల్లమొహం వేశారు. సగం మందికి మార్కులు పోయాయి. మర్నాడు తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడారు.

"పుస్తకంలో లేనిది అడిగితే పిల్లలేమైపోవాలి?" అని ఒక తండ్రి గొంతు చించుకున్నాడు. "అపరిచితుడైతే మాత్రం, నీతీ నియమం ఉండక్కర్లేదా?"

మండలి వెంటనే స్పందించింది. అపరిచితులెవరూ ఇకపై సిలబస్ దాటి మాట్లాడరాదని ఆదేశించింది. (ఆదేశం అపరిచితులందరికీ చేరిందో లేదో మండలి దగ్గర సమాచారం లేదు.)

ఈ చదువులో బడికంతటికీ మొదటి బహుమతి గుసగుస చెల్లెలు పిచ్చుకకు వచ్చింది. ఆరో తరగతి పిల్ల. ఆ పేరు ఊరికే రాలేదు. బడినుంచి వచ్చి బూట్లు విప్పేలోపు ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరి డబ్బా కింద పడిందో పూసగుచ్చినట్టు చెప్పేది. అమ్మ కుట్టుమిషన్ మీదనుంచి తల తిప్పకుండానే "కాస్త ఊపిరి తీసుకోవే" అనేది.

అలాంటి పిచ్చుక కొన్నాళ్లుగా ఊపిరి మాత్రమే తీసుకుంటోంది. అమ్మ ఫోను పట్టుకుని, కుట్టాల్సిన యూనిఫారం గుడ్డల మూటల వెనక్కి పోయి కూర్చుంటోంది. చెల్లి ఫోనులో ఏదో ఆటలో మునిగిపోయింది కాబోలు అనుకుంది గుసగుస. ఒక సాయంత్రం కత్తెర వెతుకుతూ మూటల వెనక్కి వంగితే తెర కనపడింది. ఆట పక్కనే ఉన్న సందేశాల గడిలో ఎవరో రాస్తున్నారు.

"ఈరోజు కూడా టీచరు తిట్టిందా? నాకు బాధేసింది. నీ తెలివి వాళ్లకేం తెలుసు. మన మాటలు మన మధ్యే ఉండాలి, సరేనా? శనివారం బస్టాపు దగ్గరికి రా. నీకోసం ఒకటి తెచ్చాను."

గుసగుస కత్తెర సంగతి మరిచిపోయింది.

"ఎవరే అతను?"

పిచ్చుక చేతులు కట్టుకుంది. గడ్డం పైకెత్తింది. "చెప్పను."

"నేను మీ అక్కనే!"

"అక్కయితే? అడిగింది ఎవరైనా సరే చెప్పకూడదు. వాళ్ల పిన్ని అడిగితే చెప్పేసిందని మా క్లాసు అమ్మాయికి సున్నా వేశారు."

"తెలియనివాళ్లతో మాట్లాడకూడదని కూడా చెప్పారు కదే."

"తెలియనివాడంటే డ్రాయింగు సారు. బోర్డు మీద ఫొటో లేదా? ఈయన సారు కాదుగా. పైగా పేరు అడగలేదు, ఇల్లు అడగలేదు, ఫొటో అడగలేదు. ఇంకేంటి నీ బాధ?"

ఆ తర్కంలో వేలు పెట్టడానికి సందు లేదు. బడి మొత్తం కలిసి కట్టిన తర్కమది.

మర్నాడు ఆమె ప్రిన్సిపల్ గది ముందు చాలాసేపు నిలబడి, చివరికి లోపలికి వెళ్లింది.

"గట్టిగా చెప్పమ్మా, ఫ్యాను చప్పుడులో వినపడటం లేదు." విన్నాక మేడమ్ కళ్లజోడు తీసింది. "అతనికి నియామక ఉత్తర్వు ఉందా?"

"లేదు మేడమ్."

"మరి అపరిచితుడెలా అవుతాడు? అనధికారికంగా తిరిగేవాళ్లు మన పరిధిలోకి రారమ్మా."

"శనివారం రమ్మన్నాడు మేడమ్."

"శనివారం మనకు సెలవు కదా," అని మేడమ్ ఊరట కలిగించింది.

గుసగుస ఆఫీసు గుమాస్తాను బతిమాలి మండలి సహాయ నంబరుకు ఫోను చేసింది. పేరు అడిగితే ఒకటి, ఇల్లు అడిగితే రెండు, ఫొటో అడిగితే మూడు నొక్కమంది ఒక తీయని గొంతు. బాధేసింది అన్నవాడికి ఏ అంకె నొక్కాలో చెప్పలేదు. వరండాలో కుంచెలు కడుగుతున్న డ్రాయింగు మాస్టారికీ చెప్పుకుంది. ఆయన కడిగిన కుంచెనే మళ్లీ కడిగాడు.

"నాకిచ్చినవి ఆ మూడు ప్రశ్నలేనమ్మా," అన్నాడు. "తిట్టారా అని అడగమని నాకెవరూ చెప్పలేదు."

అప్పుడు గుసగుసకు ఒకటి తట్టింది. పిచ్చుకకు ప్రశ్న వినపడితే చాలు, చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. అయితే ప్రశ్నే అడగకూడదు.

శుక్రవారం సాయంత్రం మూటల వెనక చెల్లి పక్కన కూర్చుంది. కుట్టిన చొక్కాలకు మిగిలిన దారాలు తెంపుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"హాజరులో నన్ను రోజూ లేదనేస్తారు. నేనక్కడే ఉంటాను. ఈరోజు ఎలా గడిచిందే అని ఎవరైనా అడిగితే బాగుండుననిపిస్తుంది. అడిగింది ఎవడైనా సరే, అన్నీ చెప్పేసేదాన్నేమో."

పిచ్చుక ఒక చొక్కా బొత్తాన్ని అటూ ఇటూ తిప్పింది. "నీకూ అలా ఉంటుందా?"

"ఊఁ."

"ముందు మంచిగానే మాట్లాడాడక్కా. నేను రానన్నాను. రాకపోతే నేను రాసినవన్నీ అమ్మకు పంపిస్తానన్నాడు. అమ్మ ఊరికే తిడుతుందని, అమ్మంటే ఇష్టం లేదని రాశాను. అమ్మ చదివితే చంపేస్తుంది."

"పద, ఇద్దరం పోదాం. తిట్లు చెరి సగం."

గుసగుస వెళ్లి రెండుసార్లు "అమ్మా" అంది. మిషన్ టకటకలో ఆ మాట కొట్టుకుపోయింది. మూడోసారి ఎదురింటి వాళ్లు కిటికీ తెరిచేలా అరిచింది.

"అమ్మా! మిషన్ ఆపు!"

అమ్మ ఉలిక్కిపడి చక్రం పట్టుకుంది. అంతా విని, ఫోను తీసుకుని మొదటినుంచి చదివింది. తన గురించి రాసింది రెండోసారి చదివింది. మెడలో టేపు జారి ఒళ్లో పడినా చూసుకోలేదు. పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుంది.

"తిడతాననే రాశావుగా," అంది అమ్మ చివరికి. "నిజమే, తిడతాను. రేపూ తిడతాను. అయినా వచ్చి నాకే చెప్పు."

పిల్లను దగ్గరికి లాక్కుని, ఒక్క సందేశమూ చెరపకుండా, ఇద్దరినీ వెంటబెట్టుకుని పోలీసుస్టేషనుకు నడిచింది.

శనివారం బస్టాపు దగ్గరికి పిచ్చుక వెళ్లలేదు. మఫ్టీలో ఒక ఆడ కానిస్టేబులూ ఇద్దరు పోలీసులూ వెళ్లారు. అతను చెప్పిన వేళకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. నోటీసు బోర్డు మీది మాస్టారి కంటే నూరుపాళ్లు మర్యాదస్తుడిలా ఉన్నాడట. (నియామక ఉత్తర్వు చూపమని పోలీసులు అడగలేదు.) అతని ఫోనులో ఇంకా చాలామంది పిల్లలు ఉన్నారు. అందరూ చక్కగా శిక్షణ పొందినవాళ్లే. ఒక్కరూ ఇంట్లో చెప్పలేదు.

సంగతి మండలి దాకా పోయింది. తనిఖీ బృందం వచ్చి, పిచ్చుక మొదట అక్కకు, ఆపై తల్లికి, ఆపై పోలీసులకు, వెరసి మూడు పర్యాయాలు చెప్పినట్టు నిర్ధారించి, ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకుంది. సంజాయిషీ ఇమ్మని ప్రిన్సిపల్ మేడమ్‌కు తాఖీదు వచ్చింది. ఏడాది చివర మండలి తన విజయాలను ప్రకటించింది. ఇన్ని బడుల్లో, ఇన్ని వేలమంది పిల్లల్లో నోరు విప్పింది ఒకే ఒక్క పాప అని, వచ్చే ఏడాదికల్లా ఆ లోపం కూడా లేకుండా చేస్తామని పేర్కొంది.