స్నానాలగది తలుపు సమరము

ఎండలు ముదిరి, బడులు మూతపడి, ఇంటింటి పెట్టెలును అటకల మీది నుండి దిగి దుమ్ము దులుపుకొనుచున్న ఆ ప్రచండ గ్రీష్మవేళ, మూడవ అంతస్తులోని ఇరుకైన వంటగదియందు, ఒక చేత గరిటెయు మరియొక చేత సెల్‌ఫోనును ధరించి, సకల విశ్రాంతిమందిర విజిగీషువై నిలిచిన మేనకోడలి పరాక్రమమును చెప్పెదను. వినువారు విందురు గాక, నవ్వువారు నవ్వుదురు గాక, కాని నడుమ లేచి పోరాదు.

ఆ వీరనారి కత్తి గట్టినది డ్రిల్లత్త కొరకు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరై, వేళ్ళు నోట పెట్టి వేసిన ఒక్క ఈలతో అల్లరిమూకలను గీత గీసినట్లు నిలబెట్టిన ఆ మేనత్త, తుంటి ఎముక విరిగిన నాటినుండి చక్రాల కుర్చీని అధిష్ఠించి యుండెను. కాళ్ళు మాట వినుట మానినవి గాని, గొంతు మానలేదు. సరస్సు ఒడ్డున ఏదేని రిసార్టులో నాలుగు నాళ్ళు గడిపి వత్తమని మేనకోడలు అనగానే, ఆమె కుర్చీ చేతులపై అరచేతులు మోపి, గోడ గడియారము ఒక్క క్షణము తడబడునట్లు ప్రతిజ్ఞ చేసెను.

"వస్తాను. కానీ నన్నెవరూ ఎత్తకూడదు. బాత్రూంకి నేనే వెళ్తాను, నేనే తలుపేసుకుంటాను, నేనే గడియ పెట్టుకుంటాను. ఆసుపత్రిలో నెలల తరబడి తలుపు బార్లా తీసిపెట్టి బతికాను, ఇక చాలు. కుదరదంటే మీరు వెళ్ళి రండి. నేను టీవీ చూసుకుంటాను."

ఆ టీవీ మాటను మేనకోడలు సహింపలేకపోయెను. తనకు సైకిలు నేర్పినదియు, పడిన ప్రతిసారి "లే, ఏం కాలేదు" అని గద్దించినదియు ఈ అత్తయే. ఆమెను గోడకు ఎదురుగా కూర్చుండబెట్టి తాము నీటి గాలి పీల్చుటయా?

అంతట ఆమె ఒక రిసార్టుకు ఫోను చేసి, "ఓయీ విశ్రాంతిమందిరాధిపా! దుర్గమ సోపానపంక్తి పరివేష్టితంబైన నీ సౌధంబు చక్రయాన సంచారయోగ్యంబగునో కాదో సత్యము పలుకుము! అసత్యమాడితివేని మద్వాగ్బాణపరంపరా జర్జరిత కర్ణుండవై కూలెదవు సుమీ!" అని గర్జించెను. ఇది యంతయు మనసులోనే. నోటితో మాత్రము, "ఏవండీ, మీ దగ్గర మెట్లున్నాయా?" అని అడిగెను.

"అస్సలు లేవు మేడమ్."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు మేడమ్. గుమ్మం ముందు మూడే ఉన్నాయి."

మెట్లను మెట్లుగా పరిగణించుటకు కనీసమెన్ని ఉండవలెనో ఏ శాస్త్రమును నిర్ణయింపకపోవుట వలన ఆ యుద్ధము అంతటితో ముగిసెను. వేరొక చోట ర్యాంపు కలదనిరి. ఫొటో తెప్పించి చూడగా, అది వంటశాల వెనుక గ్యాసుబండలు దొర్లించుటకు కట్టినది, మేకయైనను ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఎక్కవలసినది. ఇంకొక మహానుభావుడు, "మా కుర్రాళ్ళున్నారు కదండీ, పువ్వులా ఎత్తేస్తారు" అనెను. అత్తను పువ్వులా ఎత్తబోయినవాని గతి ఏమగునో ఎరిగిన మేనకోడలు, అతని మేలు కోరి ఫోను పెట్టివేసెను.

తుదకు ఒక సరస్సు ఒడ్డు రిసార్టు మేనేజరు చిక్కెను. వీడియో కాల్‌లో అతనిచేత టేపు పట్టించి తలుపుల వెడల్పు కొలిపించెను, వాలు మీద తోపుడుబండి నడిపించి చూపుమనెను, స్నానాలగది గోడకున్న పట్టుకొను కమ్మీని పట్టి ఊగుమనెను. పొయ్యి మీద కూర మాడెను. భర్త ఆ వాసనకు వచ్చి, కొంతసేపు విని, "ఆ అడగడం చూస్తే ఆయన, నువ్వు రిసార్టు కొనేస్తున్నావనుకుంటాడు" అని, తానే పొయ్యి ఆర్పి పోయెను.

ప్రయాణదినము వచ్చెను. లిఫ్టులో క్రిందికి దిగి, భర్త సారథియై కారు నడుపగా వారు సరస్తీరమును చేరిరి. వాలు ఉన్నది, మెట్టు లేదు. గది గుమ్మము వెడల్పు. మేనేజరు పెండ్లికొడుకు వలె నవ్వుచు ముందు నడిచెను. డ్రిల్లత్త తన చక్రములను తానే త్రిప్పుకొనుచు స్నానాలగదిలోనికి దూసుకొనిపోయి, కుర్చీని మరలించి, తలుపును తోసెను.

తలుపు వచ్చి చక్రమునకు తగిలి ఆగెను.

ఆమె వెనుకకు జరిగెను, గోడ అడ్డము. ప్రక్కకు జరిగెను, తొట్టి అడ్డము. అయ్యో! వేయి ప్రశ్నలడిగి మేనేజరును ఊగించిన ఆ ప్రశ్నాస్త్రకోవిద, తలుపు ఏ వైపునకు తెరుచుకొనునను ఒక్క ప్రశ్నను మరచెను. అది లోనికి తెరుచుకొను తలుపు. కుర్చీ ఉన్నచో తలుపు మూయబడదు, తలుపు మూయబడినచో కుర్చీకి చోటు లేదు.

"పర్లేదు మేడమ్, కర్టెన్ కట్టిస్తాం. మీవాళ్ళెవరో ఒకరు బయట కాపలా ఉంటే సరి" అని మేనేజరు పలికెను.

డ్రిల్లత్త అతనిని గద్దింపలేదు. అదియే భయంకరము. ఒడిలోని చేతుల వంక చూచుకొని, ఎన్నడును ఎవరును వినని చిన్న గొంతుతో, "సామాను దింపొద్దులే అమ్మా. చీకటి పడకముందే ఇంటికెళ్ళిపోదాం" అనెను.

ఈసారి మేనకోడలి మనసులో గర్జన పుట్టలేదు. నేరుగా నోటనే వచ్చెను.

"తలుపు ఊడదీసి, బయటికి తెరుచుకునేలా బిగించండి."

"అదెలా మేడమ్? బయటికి తెరిస్తే ఆ అల్మారాకి కొట్టుకుంటుంది."

"అల్మారా జరుపుదాం."

"అది టేకుది మేడమ్. పెట్టినప్పటినుంచీ కదల్లేదు."

"మా అత్తయ్య కూడా ఆసుపత్రి నుంచి వచ్చాక గడప దాటలేదు. ఇవాళ దాటింది. అల్మారాదేముంది?"

మేనేజరు వడ్రంగికి కబురంపెను. పడవల రేవున చెక్కలు సరిచేయుచున్న వడ్రంగి వచ్చి తలుపును చూచి, "బందులు అటు మార్చాలి. పని పెద్దదేం కాదు. ముందు ఆ ఏనుగుని తప్పించండి" అని అల్మారాను చూపెను.

అంతట ఆ చతుర్వీరులు టేకుమత్తేభమును చుట్టుముట్టిరి. భర్త ఒక ప్రక్కకు లాగగా మేనేజరు మరియొక ప్రక్కకు లాగెను, వడ్రంగి అటు తోయగా మేనకోడలు ఇటు తోసెను. అల్మారా కిమ్మనలేదు. ఈ అవకతవకను డ్రిల్లత్త కొంతసేపు చూచెను. చూడలేకపోయెను.

"ఏంటది? ఇద్దరూ ఒకేవైపు నిలబడాలని కూడా తెలీదా? అబ్బాయ్, కాళ్ళు ఎడంగా పెట్టు. మేనేజరు గారూ, పొట్ట లోపలికి! నేను ఈల వేస్తాను, ఈల మీదే తోయాలి. ముందు తోసినవాళ్ళని బయట నిలబెడతాను!"

వేళ్ళు నోటికి పోయెను. సరస్సుపై కొంగలు లేచునట్లు ఈల మ్రోగెను. అల్మారా మూలిగి, కదిలి, గోడ చివరకు పోయి ఆగెను. దాని వెనుక నుండి ఏనాటిదో ఒంటి చెప్పు బయటపడెను.

"దీనికోసం కిందటేడు ఒకాయన నన్ను దొంగని చేశాడు మేడమ్" అని మేనేజరు దానిని గుండెకు హత్తుకొనెను.

ఆపై అత్త కుర్చీని తలుపు దగ్గరకు నడుపుకొని, "గడియ అంత పైన ఎవరికి? నా చెయ్యందేలా కింద పెట్టు బాబూ. లోపల లాక్కోడానికి ఒక పిడి కూడా" అని వడ్రంగికి ఆజ్ఞ ఇచ్చెను. ఆ గొంతు మరల పెద్దదగుట విని మేనకోడలు కిటికీ వైపు తిరిగి కన్నులు తుడుచుకొనెను.

పని ముగిసెను. డ్రిల్లత్త లోనికి పోయెను. పిడి లాగెను. తలుపు మెల్లగా వచ్చి చట్రములో కూర్చుండెను. బయట నలువురును తలుపునకు చెవులొగ్గిరి.

టక్.

గడియ పడెను! వడ్రంగి సుత్తిని భుజమున ధరించెను. మేనేజరు ఒంటి చెప్పును ధ్వజము వలె పైకెత్తెను. కోటతలుపులు తెరిపించిన వీరుల గాథలు లోకమున కొల్లలు గాని, ఒక స్నానాలగది తలుపును మూయించిన వీరనారి విజయము నేటికి చాటబడినదని ఎల్లరు ఎరుంగుదురు గాక! మేనకోడలు మాత్రము నవ్వుచు, ఏడ్చుచు, కదలక అచటనే నిలిచెను.

లోపలి నుండి గొంతు వినవచ్చెను.

"అక్కడ నిలబడి ఏం వింటున్నారు? పోయి సామాను దింపండి!"