పలుకు కేంద్రం తొలి విజయం

ఎల్లారెడ్డి నియోజకవర్గంలో మాటలు రాని పిల్లలు ఇక మిగలరని శైలేందరన్న ప్రకటించారు. పార్టీలో పెద్ద నాయకుడు కాబట్టి ఈ ఒక్క వాక్యానికి ఆయనకు గంటా పది నిమిషాలు పట్టింది. నాలుగేళ్ళ శ్రావణ్ ఒక్కడే ఉపన్యాసం పొడుగునా నోరు మెదపలేదు. వాడు పుట్టినప్పటి నుంచీ అంతే.

వాడి తల్లి ప్రణీత మాత్రం అరచేతులు మండేలా చప్పట్లు కొట్టింది. కొట్టదా మరి! ప్రతి మంగళవారం పిల్లవాణ్ణి చంకనేసుకొని కామారెడ్డి బస్సెక్కాలి. స్పీచ్ థెరపిస్టు వినీత మేడం వాణ్ణి అరగంట ఆడిస్తుంది. మిగతా రోజంతా బస్సులకే సరిపోతుంది. బీడీలు చుట్టి బతికే ప్రణీత చాటలో ఆ రోజు ఒక్క బీడీ పడదు. అన్న పెట్టిస్తానన్న పలుకు కేంద్రం, ఆ సెంటర్, ఎల్లారెడ్డికే వస్తే వారానికోసారి కాదు, రోజూ తీసుకుపోవచ్చు.

మేడం ఆమెకు రెండే పనులు చెప్పింది. "ఏదన్న కావాలంటే వాడు నీ చెయ్యి గుంజుకపోతడు గద. వేలుతోని చూపిచ్చుడు నేర్పు. అది వస్తే మాట దానెనకనే వస్తది. ఇంకోటి, వాని బదులు నువ్వు మాట్లాడకు."

మొదటిది ఆరు నెలలైనా రాలేదు. రెండోదానికొస్తే, బళ్ళో ఉన్నన్నాళ్ళూ సార్లు అడిగిన ఏ ప్రశ్నకూ నోరు తెరవని ప్రణీత, కొడుకు పుట్టాక లోకమడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పసాగింది. "పేరేంది బిడ్డా?" అంటే "శ్రావణ్". "తిన్నవా?" అంటే "తిన్ననవ్వా, పప్పు". తిన్నది వాడు, చెప్పేది ఆమె. మేడం ముందు కూడా రెండుసార్లు దొరికిపోయింది.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు సెంటర్ కోఆర్డినేటర్ భూమేశ్ ఇంటికొచ్చాడు. ఇదివరకు శైలేందరన్నకు ఫ్లెక్సీలు కట్టేవాడు. ఇప్పుడూ అవే కడుతున్నాడు గానీ, చొక్కా ఇస్త్రీది.

"అక్కా, స్టేజి మీద మీ పిల్లగాడు అన్నకు నమస్తే చెప్పాలె."

"వానికి మాటలు రావు గద తమ్మీ."

"అందుకే గద సెంటర్."

"సెంటర్ ఇంక తెరువనే లేదు."

"తెరిచినంక ఎవలైనా చెప్తరక్కా. తెరిచేటప్పుడు చెప్తేనే అన్నకు పేరు." గొంతు తగ్గించాడు. "అడ్మిషన్ లిస్టుల మొదటి పేరు మీదే రాసిన."

ప్రణీత రెండు రోజులు వాడి ముందు చేతులు జోడించింది. వాడు ఆ చేతులు విడదీసి, సందులోంచి చూసి నవ్వాడు.

ప్రారంభోత్సవం రోజు స్టేజి మీద పద్నాలుగు కుర్చీలు వేశారు. థెరపిస్టుకు వేయలేదు, ఎందుకంటే థెరపిస్టు లేదు. పోస్టు ప్రాసెస్‌లో ఉందట. శైలేందరన్న శ్రావణ్‌ను ఒళ్ళో కూచోబెట్టుకొని నోటి దగ్గర మైకు పెట్టారు. ప్రణీత ఆయన కుర్చీ వెనకే వంగి నిలబడింది.

"చెప్పు బాబూ, నమస్తే."

జనం ఫోన్లు పైకెత్తారు.

"నమస్తే," అంది ప్రణీత నోరు. పాడు అలవాటు. మైకు కూడా మంచి కంపెనీది.

పటాకులు పేలాయి. శైలేందరన్న కళ్ళు తుడుచుకున్నారు. కెమెరామన్ అడిగితే ఇంకోసారి తుడుచుకున్నారు.

ఆ గోలలో శ్రావణ్ చెయ్యెత్తాడు. ఎవరి చెయ్యీ గుంజకుండా, చూపుడువేలు చాచి, బల్ల మీది నీళ్ళ సీసా చూపించాడు. చూపించి తల్లి వైపు తిరిగాడు. ఆమె ఒక్కతే చూసింది. ఫొటోకు అడ్డమొస్తోందని శైలేందరన్న ఆ వేలును ప్రేమగా మడిచి, చేతులు రెండూ జోడించి పట్టుకున్నారు. పేపర్లో ఆ ఫొటోనే పడింది.

సోమవారం పొద్దున్నే తలదువ్వి సెంటర్‌కు తీసుకుపోతే, రిజిస్టర్లో శ్రావణ్ పేరు మీద ఎర్రగీత ఉంది.

"కొట్టేసినవేంది తమ్మీ?"

"మాటలొచ్చినయి గదక్కా. మాటలొచ్చినోళ్ళకు ఈడ సీటు లేదు."

"నమస్తే అన్నది నేను."

"గట్లనకక్కా, ఆయన పరువు ఏం గావాలె."

"పోనీ, మా కామారెడ్డికే మేం పోతం."

"ఆడ గూడ పేరు పోయింది. ఆన్‌లైన్ గద. నయమైందని ఒక్కకాడ కొడితే అంతట పడ్తది."

ఎవరిని తిట్టాలో ప్రణీతకు తెలుసు, తన నోటినే. పదేళ్ళు బళ్ళో మూసుకున్న నోరు, స్టేజి మీద ఆ ఒక్క నిమిషం మూసుకోలేకపోయింది.

"మల్ల రాయవా?"

"ఏడ రాయాలె? సెంటరే అయిపాయె. మొదటి విడత టార్గెట్ ఒక్కరు. వంద శాతం అయింది. శుక్రవారం ముగింపు సభ, మంత్రిగారొస్తున్నరు." ఆహ్వాన పత్రిక తీసిచ్చాడు. అన్నిటికన్నా కింద "వందన సమర్పణ: చిరంజీవి శ్రావణ్" అని ఉంది. "బాబు మంచిగ మాట్లాడితే మంత్రిగారు ఖుష్ అయి రెండో విడత సాంక్షన్ చేస్తరు. థెరపిస్టు గూడ వస్తది. అన్న మాటిచ్చిండు."

ప్రణీత పత్రికను రెండుసార్లు చదివి, మడిచి, కొంగున కట్టుకుంది.

"వాని కుర్చీ ఎనక నిలవడనీకి జాగ ఉంటదా తమ్మీ?" అని అడిగింది.